పాట కింద నాన్న గొంతు

మా అన్నయ్య ఇలియేసా ఊళ్ళో పడవెక్కి, రేవులో బస్సెక్కి, సువా పట్నంలో నా కొట్టుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. చేతిలో తువ్వాలులో చుట్టిన చిన్న మూట. చెల్లెలి మీద ప్రేమ పుట్టి ఎండుచేపలు తెచ్చాడు కాబోలు అనుకున్నాను. బల్ల మీద పెట్టి విప్పితే అందులో నాన్న హార్డ్ డిస్క్ ఉంది.

"చూడవే ఉనాయిసీ. దీంట్లో నాన్న లేడు," అన్నాడు.

"లేకపోతే ఎక్కడికి పోతాడు?"

"ఏమో మరి. పాస్టరుగారి కంప్యూటరుకి పెట్టి చూశాం. అన్నీ పాటలే. మన చర్చి క్వయిరు పాట. నాన్నది ఒక్క మాట లేదు. గురువారం విచారణ. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

నేను నవ్వాను. నవ్వడానికి కారణం ఉంది. సువా మార్కెట్ వెనక సందులో పాడైన కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నదాన్ని. పెళ్ళి ఫోటోలు చెరిపేసుకున్న కొత్త పెళ్ళికొడుకులు, పరీక్ష పేపర్లు పోగొట్టుకున్న పంతుళ్ళు, అందరూ చావు కబురు మోసుకొచ్చినట్టే వస్తారు. సగంమంది నవ్వుతూ వెళ్తారు. చెరిపేసినంత మాత్రాన ఏదీ పోదని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

"ఎవరో చెరిపేసి ఉంటారు. లోపలే ఉంటాడు నాన్న. నువ్వు కూర్చుని కొబ్బరినీళ్ళు తాగు," అన్నాను.

ఆ డిస్క్‌లో ఉన్నది మా నాన్న ఎమోసి గొంతు. మా ఊరు వైనికోరో ముందున్న పగడాల దిబ్బ గురించి అంతా తెలిసిన ఆఖరి మనిషి ఆయన. ఏ పాయను ఏ పేరుతో పిలుస్తారు, ఏ కాలంలో ఎవరు ఎక్కడ వల వేసేవారు, ఏ కుటుంబం వాళ్ళు ఆచారం ప్రకారం తిమింగలం పన్ను పట్టుకొచ్చి మా తాతల ముందు పెట్టి చేపలు పట్టుకోవడానికి సెలవు అడిగారు, అన్నీ ఆయన నోట్లో ఉండేవి. పోయేముందు ఆయన్ని కొబ్బరిచెట్ల కింద కూర్చోబెట్టి ఆ మాటలన్నీ నేనే రికార్డు చేశాను. అలా సెలవు అడిగి వచ్చిన కుటుంబంవాళ్ళే ఇప్పుడు దిబ్బంతా తమదేనంటున్నారు. వచ్చినవాళ్ళని నీళ్ళలోకి దింపి చేపలు చూపించే హోటలు వాళ్ళకు రాసిచ్చేయాలని వాళ్ళ ఉబలాటం. అది జరిగితే మా అన్నయ్య పడవ ఒడ్డునే కుళ్ళిపోతుంది. ఎమోసి మాటలు అందరి ముందూ వినిపించండి, ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు అని మా ఊరి పెద్దదొర తీర్పు చెప్పాడు. వినడానికి భూముల అధికారులు గురువారం వస్తున్నారు.

ఇంకో కాపీ ఎందుకు లేదని అడుగుతారని తెలుసు. నాన్న ఒప్పుకోలేదు. దిబ్బ పేర్లు దారిన పోయే చెవులకు కాదు, రెండోచోట ఉన్నాయంటే నాలుగోచోటికి పోతాయి అన్నాడు. డిస్క్‌లోకి ఎక్కించాక రికార్డరులోది ఆయన ఎదుటే తుడిపించాడు. డిస్క్‌ను ఇంట్లో చెక్కపెట్టెలో, మా వంశం తిమింగలం పళ్ళ పక్కన పెట్టించాడు. ఆ పెట్టె ముట్టుకోవడానికి మా ఇంట్లో వాళ్ళకే భయం. దానికి తాళం కూడా ఉండదు.

"పెట్టె ఎవరు తెరిచారు?" అని అడిగాను.

అన్నయ్య కొబ్బరిబొండం మీద నుంచి కళ్ళెత్తలేదు. "కెలెరా తీసుకెళ్ళింది. ఆదివారం ప్రార్థన అయ్యాక. పిల్లలకి పాట ఎక్కించాలని అంది. శుక్రవారం తెచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది."

"నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"ఏం చెయ్యమంటావు? మేనకోడలు కదే."

ఆ మాటకు మా ద్వీపంలో తిరుగులేదు. కెలెరా మా మేనత్త కూతురు, నాన్నకు మేనకోడలు. మేనమామ ఇంట్లో మేనకోడలు ఏది కావాలంటే అది తీసుకుపోవచ్చు. అడగక్కర్లేదు. ఎవరైనా మొహం ముడిచారా, ఆ ఇంటికే చెడు. చిన్నప్పుడు నా కొత్త గౌను వేసుకుపోయింది, నేను పెంచుకున్న పందిపిల్లను పట్టుకుపోయింది, నా పెళ్ళికి అమ్మ అల్లిన చాపను తన పెళ్ళికి పరుచుకుంది. నేను గుడ్ల నీళ్ళు గుడ్లలోనే కుక్కుకుంటే నాన్న మురిసిపోయేవాడు. "తీసుకోనీవే, దానికి హక్కుంది" అనేవాడు. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. వదినా అంటే వదినా అనుకుంటూ, ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటూ పెరిగాం. క్వయిరులో ఇప్పటికీ పక్కపక్కనే నిలబడి ఒకటే పుస్తకం పట్టుకుని పాడతాం.

ఆమె మొగుడు వైసాకే మాత్రం సెలవు అడిగి వచ్చిన ఆ కుటుంబంవాడు. అయినా నాకు ఆమె మీద అనుమానం రాలేదు. డిస్క్‌ను కంప్యూటరుకు తగిలించాను.

తెర మీద బొమ్మలు పడటం మొదలైంది. వరసలు వరసలుగా ఒకటే బొమ్మ. తెల్లగౌన్లలో మా క్వయిరు, ముందు వరసలో నేనూ కెలెరా. మా చర్చి వార్షికోత్సవంలో తీసిన చిన్న పాట వీడియో అది. కిందికి జరుపుతూ పోయాను. మళ్ళీ మేమిద్దరమే. ఇంకా కిందికి. మేమిద్దరమే. పేర్లు మాత్రం వేరు. డిస్క్‌లో ఎంత చోటు మిగిలిందో చూశాను. ఏమీ మిగల్లేదు. ఇంకో పాట పెడదామన్నా పట్టదు.

కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాను.

పిల్లలకు పాట ఎక్కించేవాళ్ళు ఒక్కసారి ఎక్కిస్తారు. సినిమాలు దాచుకునేవాళ్ళు రకరకాలు దాచుకుంటారు. ఒకే పాటను పేరు మార్చి మార్చి, అంగుళం వదలకుండా నింపేవాళ్ళు దాన్ని వినడానికి నింపరు. కింద ఉన్నదాన్ని పూడ్చడానికి నింపుతారు. చెరిపితే చాలదు, నింపాలి అనే సంగతి వైనికోరోలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకదాన్ని నేను.

క్రితం ఏడు ఈస్టరు ముందు కెలెరా ఇదే కొట్టుకు ఏడుస్తూ వచ్చింది. ఆమె మా ఊరి బళ్ళో టీచరు. పిల్లల ఆటల ఫోటోలన్నీ పొరపాటున చెరిపేసింది. నేను తీసిచ్చాను. ఏడుపు ఆగిపోయింది, ఆకలి మొదలైంది. కర్రపెండలం చిప్స్ కొనుక్కొచ్చి, నా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"చెరిపేశాను కదే, మళ్ళీ ఎలా వచ్చాయి? మంత్రాలేమైనా నేర్చావా?"

"మంత్రాలే వస్తే ముందు నీ నోరు కట్టేసేదాన్ని వదినా."

"కట్టు చూద్దాం. ముందు ఇది చెప్పు."

నేను కిటికీలోంచి మార్కెట్ చూపించాను. "అదిగో, ఆ బల్లలు చూడు. ఏ బల్ల మీద ఎవరు కూర్చుంటారో గేటు దగ్గర మేస్త్రీకి తెలుసు. సెరా అత్త ఎక్కడంటే ఫలానా బల్ల అని చెప్తాడు. ఒక్కోసారి ఆవిడ చేమదుంపలన్నీ ఒకచోట పట్టవు. కొన్ని ఇక్కడ, కొన్ని ఆ చివర్న. అదీ ఆయనకి గుర్తే. డిస్కు కూడా అంతే వదినా. లోపలంతా బల్లలు. ఏ ఫైలు ఏ బల్లల మీదుందో గుర్తుపెట్టుకోవడానికి ఒక మేస్త్రీ."

"మరి చెరిపేస్తే?"

"మేస్త్రీ సెరా అత్త పేరు మర్చిపోతాడు, అంతే. ఆ బల్లలు ఖాళీ అని అందరికీ చెప్తాడు. దుంపలు మాత్రం అక్కడే ఉంటాయి. ఎవడు ఎత్తుతాడు అంత బరువు? నేను మేస్త్రీని అడగను. బల్ల బల్లకీ పోయి నా కళ్ళతో చూస్తాను."

"ఎన్నాళ్ళుంటాయలా?"

"ఇంకొకావిడ వచ్చి తన సరుకు పోసేదాకా. పోసిందా, పాతది పోయినట్టే. ఎవడూ తేలేడు."

"మార్కెట్టంతా నిండిపోతే?"

"అప్పుడు నా దగ్గరికి రాకు. పాస్టరుగారి దగ్గరికి పో, ప్రార్థన చేస్తాడు."

పగలబడి నవ్వింది. చిప్స్ తిన్న నూనెచేతులు నా గౌనుకే తుడుచుకుని, పడవ వేళైందని పరిగెత్తింది. ఎంత శ్రద్ధగా వింది, ఇంత తెలివిగల మనిషి ఊళ్ళో బడికి అతుక్కుపోయిందే అని ఆ రోజు జాలిపడ్డాను కూడా.

ఆ పాఠాన్ని అక్షరం తప్పకుండా నాకే అప్పజెప్పింది. డిస్క్‌ను సముద్రంలో పారేస్తే దొంగతనం అయ్యేది. రాయి పెట్టి కొడితే ఊరంతా చూసేది. దేవుడి పాటతో నింపితే ఎవరేమంటారు? పైగా ఊళ్ళో ఇన్ని పాటలుండగా, ఆమె నా భుజానికి భుజం ఆనించి పాడిన పాటే దొరికింది పూడ్చడానికి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఏమైందే? ఉన్నాడా నాన్న?" అన్నాడు అన్నయ్య.

"నీ మరదలు నమ్మించి గొంతు కోసింది," అన్నాను.

చెప్పింది విని అన్నయ్య బొండం పక్కన పెట్టేశాడు. తర్వాత, "ఆ మాట ఊళ్ళో అనకు," అన్నాడు. "మేనకోడలి మీద మనం మాటెత్తకూడదు. పెద్దదొర ముందు అన్నామంటే తప్పు మనదే అవుతుంది."

"నాన్నని రెండోసారి పాతిపెట్టింది అన్నయ్యా."

"తెలుసు. అయినా అనకు. అనడానికి మనకి నోరు లేదు."

అతన్ని పడవకు పంపేసి, కొట్టు తలుపు వేసుకుని పని మొదలుపెట్టాను. ఒక్క ముక్క మాత్రం ఆ రోజు కెలెరాకు చెప్పలేదు. దాచి కాదు, చిప్స్ అయిపోయాయి కాబట్టి.

మేస్త్రీ బల్లను కోసి ఇద్దరికి ఇవ్వడు. ఒకావిడకు ఇచ్చాడంటే బల్ల మొత్తం ఆవిడదే. ఆఖరి బల్ల మీద ఆవిడ సరుకు సగం వరకే వచ్చిందనుకోండి, మిగతా సగాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ మూలన అంతకుముందు కూర్చున్నావిడ వదిలేసిన నాలుగు మిరపకాయలు అలాగే పడి ఉంటాయి. మేస్త్రీ లెక్కలో బల్ల నిండినట్టే, నిండని మూల సంగతి ఆయనకు పట్టదు. కెలెరా పోసిన పాట ఒక్కటే, కాబట్టి ప్రతి కాపీ చివర్నా అంతే మూల మిగిలి ఉండాలి. పాట చిన్నది, కాపీలు ఎక్కువ, అందువల్ల మూలలు చాలా ఉండాలి. వాటిలో కొన్నయినా నాన్న మాటల మీద పడి ఉండాలి.

మూల మూలకూ వెళ్ళి ఏరాను. విచారణ రోజు దగ్గరపడేదాకా తిండి కూడా కొట్టులోనే. దొరికినవన్నీ సెకను, సెకనున్నర ముక్కలు. ఒకదాంట్లో గాలి హోరు. ఒకదాంట్లో కోడి. ఒకదాంట్లో నాన్న దగ్గు, పక్కనే నేను "నీళ్ళు కావాలా?" అని అడగబోతూ సగంలో ఆగిపోవడం. ఒకదాంట్లో ఏదో పాయ పేరు చివర, ఒకదాంట్లో ఇంకేదో పేరు మొదలు. ఆ రెండూ ఒకే పాయవో కాదో చెప్పడానికి నాన్న లేడు. పేర్లను అన్నయ్య అన్నా పట్టుకుంటాడేమో అని ఫోన్లో వినిపించాను. "ఇలా అధికారుల ముందు పెడితే నవ్వుతారే" అన్నాడు. నిజమే. దిబ్బను నిలబెట్టే మాట ఒక్కటి కూడా పూర్తిగా లేదు.

పూర్తిగా దొరికిన మాట ఒకే ఒక్కటి. దాన్ని విని కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆ క్షణం నాకు గుర్తుంది. నాన్న చెబుతూ చెబుతూ ఉంటే కెలెరా టీ తీసుకొచ్చింది. ఆయన తాతల కథ మధ్యలో ఆపి ఆమెను పిలిచాడు. నేను రికార్డరు ఆపలేదు. ఇప్పుడు వాళ్ళ తాతల కథ లేదు, మా తాతల కథ లేదు. ఆ పిలుపు ఉంది.

దాన్ని ఫోన్లో వేసుకుని గురువారం పొద్దున్నే ఊరెళ్ళాను. సభ కొట్టంలో చాపలు పరుస్తున్నారు. మగవాళ్ళు సభలో తాగే పానీయానికి యంగోనా చెట్టు వేళ్ళు దంచుతున్నారు. వైసాకే నన్ను చూసి మర్యాదగా తల వంచాడు. నేను వాళ్ళ వంటపాక వెనక్కి వెళ్ళాను. కెలెరా పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. అధికారులకు వంట ఆమె చేతి మీదే.

"వచ్చావా వదినా. చిక్కిపోయావేంటి? సువాలో తిండి దొరకట్లేదా?" అంది, ఎప్పటిలాగే.

"డిస్కు తీసుకెళ్ళింది నువ్వేనట."

"అవునే. క్వయిరు పిల్లలకి పాట ఎక్కిద్దామని. మా మామ ఇంట్లో వస్తువు, ఎవరినడగాలి?"

"అన్నిసార్లా?"

"యంత్రం కదా. ఒకసారి నొక్కితే ఎన్నిసార్లు పడుతుందో మాకేం తెలుసు?"

"నాతోనా ఈ మాటలు? మార్కెట్టంతా నిండిపోతే ఏమవుతుందని నన్నే అడిగావు కదా వదినా. చిప్స్ తింటూ."

కోరాము మీద ఆమె చెయ్యి ఆగింది. మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. అందులో సిగ్గు వెతికాను. కనిపించలేదు.

"నా కొడుకులు ఆ ఇంటి పిల్లలే," అంది నెమ్మదిగా. "మీ తాత కాళ్ళ దగ్గర వాళ్ళ తాత వంగాడని ఇవాళ అందరి ముందూ మోగితే, రేపట్నించి వాళ్ళు ఏ మొహం పెట్టుకుని నీళ్ళలో దిగుతారు? నువ్వైతే ఏం చేసేదానివి?"

"నిన్ను అడిగేదాన్ని. వదినా, ఇలా ఉంది, ఏం చేద్దాం అని అడిగేదాన్ని."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఆమె మళ్ళీ కొబ్బరి అందుకుంది.

"అయినా అది మా మామ గొంతు. మామ ఇంట్లో ఏదైనా నాదే. నీ గౌను అడిగి తీసుకున్నానా, నీ పందిపిల్లని అడిగి తీసుకున్నానా? ఇదీ అంతే."

"గౌను తొడుక్కున్నావు. పందిని కోసి పదిమందికి పెట్టావు. దీన్నేం చేసుకున్నావు? తీసుకోలేదు వదినా నువ్వు. ఎవరికీ లేకుండా చేశావు."

ఆమె తల వంచుకుని కోరుతూనే ఉంది. కొబ్బరి తెల్లగా గిన్నెలో రాలుతోంది. నేను ఫోన్ తీసి ఆమె చెవి దగ్గర పెట్టాను. నాన్న గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా, ఆయన ఎప్పుడూ ఆమెతో మాట్లాడే మెత్తదనంతో.

"కెలెరా, కూర్చో తల్లీ."

అంతే, ఆగిపోయింది. ఆమె చేతిలోంచి కొబ్బరిచిప్ప జారి పీట పక్కన పడింది. పెదవులు పాలిపోయాయి. నేను ఎదురుచూశాను. మా ఇంట్లో ఏది పట్టుకుపోయినా ఈ గొంతే ఆమెకు అండగా నిలబడింది. ఇప్పుడైనా ఏడుస్తుంది, ఒక్క కన్నీటిచుక్క రాలిస్తే చాలు, దిబ్బ పోయినా వదిన మిగులుతుంది అనుకున్నాను.

కెలెరా సభ కొట్టం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకా ఏమైనా దొరికాయా?"

నేను ఫోన్ సంచిలో పెట్టుకున్నాను.

"లేదు. నిన్ను పిలిచింది ఒక్కటే మిగిలింది."

ఆమె ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి, మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. పడిన చిప్పను తీసి గౌనుకు తుడిచి, పక్కనున్న పీటను నా వైపు జరిపింది.

"కూర్చో వదినా. టీ తాగి వెళ్దువు," అంది.

నేను నిలబడే ఉన్నాను. కొట్టంలో యంగోనా దంచడం ఆగింది, అధికారుల పడవ వచ్చిందని ఎవరో కేకేశారు.